ట్రంక్ బేకి ఒక్క రోజు వెళ్తుంటే, అందులో సగం మాహోకి ఉంచండి

అమెరికాలో ఉన్న మనవాళ్లకు బీచ్ ట్రిప్ అంటే ఫ్లోరిడా, కాంకూన్, లేకపోతే హవాయి. యూఎస్ వర్జిన్ ఐలాండ్స్‌లోని సెయింట్ జాన్ దీవి పేరు ఆ లిస్టులో చాలా అరుదుగా వినిపిస్తుంది. ఇరవై చదరపు మైళ్లు కూడా నిండని ఈ దీవిలో సగానికి పైగా నేషనల్ పార్కే. అమెరికన్ సంపన్నుడు లారెన్స్ రాక్‌ఫెల్లర్ భూములు కొని ఇచ్చేయడంతో 1956లో పార్కు ఏర్పడింది. అందుకే ఉత్తర తీరం వెంట హోటల్ టవర్లు లేవు. కొండ, అడవి, తెల్లటి ఇసుక, నీళ్లు, అంతే. అక్కడి ట్రంక్ బే ఫొటోలు చూసి "ఒక్క రోజులో వెళ్లి రావచ్చా?" అని చాలామంది అడుగుతున్నారు. వెళ్లి రావచ్చు. రోజంతా ట్రంక్ బేలోనే గడిపేయకండి, సగం రోజు అదే రోడ్డులో తాబేళ్లు కనిపించే మాహో బేకి ఉంచండి అన్నది మాత్రం నా గట్టి సలహా.

ముందు కాగితాల సంగతి, ఎందుకంటే మనవాళ్ల మొదటి భయం అదే. ఈ దీవుల్ని 1917లో డెన్మార్క్ దగ్గర అమెరికా రెండున్నర కోట్ల డాలర్ల బంగారానికి కొనుక్కుంది. ఇమిగ్రేషన్ చట్టం ప్రకారం అక్కడికి వెళ్తే దేశం దాటినట్టు కాదు. హెచ్1బీ ఉద్యోగ వీసా మీద ఉండి, పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు అయిపోయినా వెళ్లి రావచ్చు. అయితే తిరుగు ప్రయాణంలో పక్క దీవి సెయింట్ థామస్ ఎయిర్‌పోర్టులోనే విమానం ఎక్కే ముందు కస్టమ్స్, ఇమిగ్రేషన్ వాళ్లు తనిఖీ చేస్తారు. పాస్‌పోర్టు, ఐ-797 (హెచ్1బీ ఆమోద పత్రం), ఐ-94 (అమెరికాలోకి వచ్చిన రికార్డు) కాపీ వెంట పెట్టుకోండి. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు కార్డు మరిచిపోవద్దు. అక్కడ క్యూ పెద్దదే, మూడు గంటలు ముందు చేరితే గుండె నిబ్బరంగా ఉంటుంది. ఇంకో మాట. సెయింట్ థామస్‌లో "రోజంతా బోట్ టూర్" అని అమ్మేవాటిలో చాలా భాగం బ్రిటిష్ వర్జిన్ ఐలాండ్స్‌కి వెళ్తాయి. అది వేరే దేశం. వీసా స్టాంపు లేనివాళ్లు ఆ బోటు ఎక్కితే తిరిగి రావడం పెద్ద చిక్కు. బుక్ చేసే ముందు రూటు అడిగి తెలుసుకోండి.

సెయింట్ జాన్‌లో ఎయిర్‌పోర్టు లేదు. సెయింట్ థామస్‌లో దిగి ఫెర్రీ ఎక్కాలి. బస ఎక్కడ అన్నది ఇక్కడే తేలుతుంది. సెయింట్ థామస్‌లోని షార్లెట్ అమాలీ ఊళ్లో ఉంటే షాపింగ్, పాత డేనిష్ వీధులు దగ్గర, కానీ ఫెర్రీ కోసం పొద్దున్నే కొండదారుల్లో దీవి తూర్పు చివరికి వెళ్లాలి. డే ట్రిప్పే ముఖ్యమైతే ఆ చివరే ఉన్న రెడ్ హుక్ చుట్టుపక్కల ఉండటం మంచిది. అక్కణ్ణుంచి సెయింట్ జాన్ రేవు ఊరు క్రూజ్ బేకి ఇరవై నిమిషాలు, దాదాపు గంటకో ఫెర్రీ, టికెట్ ఒక వైపు ఎనిమిది డాలర్ల పైచిలుకు. డబ్బు గురించి పట్టింపు లేకపోతే క్రూజ్ బేలోనే ఒక రాత్రి ఉండండి, పొద్దుటి సముద్రం మీకే దక్కుతుంది. మేం కొండ మీద ఒక అద్దె ఇంట్లో దిగాం. అక్కడ ఇళ్లకు వాననీటి తొట్లే ఆధారం. నీళ్లు చూసి వాడండి అని గోడ మీద రాసిపెట్టారు. వేసవిలో నీళ్ల ట్యాంకర్ కోసం ఎదురుచూసిన మనకు ఆ మాట ఒకళ్లు చెప్పక్కర్లేదు.

క్రూజ్ బేలో దిగగానే సఫారీ టాక్సీలు కనిపిస్తాయి. ట్రక్కు వెనక బెంచీలు బిగించి, పైన కప్పు వేసిన బండ్లు. రేటు బండికి కాదు, మనిషికి. ఎక్కకముందే అడగండి, తిరిగి ఎన్నింటికి వస్తారో కూడా మాట్లాడుకోండి. ఇద్దరైతే సఫారీ చాలు. నలుగురు దాటితే, పిల్లలూ పెద్దవాళ్లూ ఉంటే, క్రూజ్ బేలో జీపు అద్దెకు తీసుకోవడమే లాభం. ఇక్కడ ఎడమ వైపు నడపాలి, స్టీరింగ్ మాత్రం అమెరికా బండిలాగే ఎడమ వైపే. ఇండియాలో నడిపినవాళ్లకు ఎడమ వైపు కొత్త కాదు గానీ, డ్రైవరు రోడ్డు అంచు వైపు కూర్చోవడం వల్ల మలుపుల్లో అంచనా తప్పుతుంది. రోడ్డు మీద గాడిదలు కూడా అడ్డొస్తాయి. నెమ్మదిగా వెళ్లండి.

ట్రంక్ బే అందం గురించి అబద్ధం ఏమీ లేదు. పైన రోడ్డు మలుపులో ఆగి చూస్తే కింద అర్ధచంద్రాకారం ఇసుక, మధ్యలో ట్రంక్ కే అనే చిన్న దిబ్బ, నీళ్లలో రంగులు పొరలు పొరలుగా. ప్రవేశ రుసుము పదహారేళ్లు దాటినవాళ్లకు 5 డాలర్లు. నేషనల్ పార్కుల యాన్యువల్ పాస్ ఉంటే అది చెల్లుతుంది. షవర్లు, బాత్రూములు, స్నాక్ బార్, స్నోర్కెల్ సామాను (నీటి మీద తేలుతూ అడుగు చూడటానికి మాస్కు, గాలి గొట్టం) అద్దెకిచ్చే చోటు అన్నీ ఉన్నాయి. పెద్దవాళ్లను తీసుకెళ్లేవాళ్లకు ఇదే సౌకర్యం. దిబ్బ పక్కనుంచి 225 గజాల నీటి అడుగు బాట ఉంది. పగడాల, చేపల పేర్లు రాసిన పలకలు అడుగున పాతారు. ఈత కొడుతూ చదువుకుంటూ పోవచ్చు. మా పాప ఒక్కో పలక దగ్గరా తల పైకెత్తి పేరు అరిచి చెప్పింది, ఆ ఆనందం వేరు.

అయితే పగడాలు ఒకప్పటిలా లేవు. 2005లో సముద్రం వేడెక్కి చాలావరకు తెల్లబడి చచ్చిపోయాయి. 2017 సెప్టెంబరులో ఇర్మా, మరియా తుఫాన్లు రెండూ వారాల తేడాతో కొట్టాయి. తర్వాత రాతి పగడాల కణజాలాన్ని తినేసే జబ్బు వచ్చింది. 2023లో మళ్లీ వేడి. దానికి తోడు ఇన్నేళ్లుగా ఇన్ని వేల కాళ్లు. బాట వెంట చాలా చోట్ల బూడిదరంగు రాళ్లే కనిపిస్తాయి. సముద్రపు విసనకర్రలు (సీ ఫ్యాన్ అనే మెత్తటి పగడాలు) మాత్రం ఊదారంగులో ఊగుతూనే ఉన్నాయి. నీలి టాంగ్ చేపల గుంపులు, చారల సార్జెంట్ మేజర్ చేపలు కనిపిస్తాయి. చెవులు నీళ్లలో ఉంచి కదలకుండా తేలితే పారట్ చేపలు రాతిని కొరికే కరకర వినబడుతుంది. గంటన్నర చాలు. పొద్దున తొమ్మిది లోపు నీళ్లలో దిగితే బాట మీకే. క్రూజ్ షిప్ సెయింట్ థామస్‌లో ఆగిన రోజైతే పది దాటాక బండ్ల మీద బండ్లు జనం దిగుతారు. ఏ రోజు ఎన్ని షిప్పులొస్తాయో నెట్‌లో ముందే దొరుకుతుంది. తక్కువ ఉన్న రోజు ఎంచుకోండి.

అదే రోడ్డులో సినమన్ బే దాటాక మాహో బే. టికెట్ లేదు, పార్కింగ్ తక్కువ, రోడ్డు పక్కనే ఇసుక. పైనుంచి చూస్తే ట్రంక్ బేకి సాటి రాదు. అడుగున పగడాలు కూడా కావు, గడ్డి. ఆ గడ్డి కోసమే పచ్చ తాబేళ్లు వస్తాయి. నడుము లోతు దాటి కొంచెం వెళ్లి, చేతులు కట్టుకుని తేలుతూ ఎదురుచూడాలి. ముందు కిందో మచ్చ కనిపిస్తుంది. దగ్గరికొస్తే డిప్ప మీద గీతలు, వీపుకి అతుక్కున్న రెమోరా చేప. ముందు రెక్కలతో ఇసుక మీద ఆనుకుని గడ్డి కొరికి, తల ఒక పక్కకు లాగి తెంపుతుంది. కొన్ని నిమిషాలకు మేత ఆపి నిట్టనిలువుగా పైకొచ్చి, ఒక్కసారి బుస్సుమని గాలి పీల్చి మళ్లీ దిగుతుంది. మా అత్తగారికి ఈత రాదు. లైఫ్ వెస్ట్ వేసుకుని, నా భుజం పట్టుకుని మాస్కు ముంచి చూశారు. తల పైకెత్తగానే "అమ్మాయ్, అచ్చం మన గేదెలాగే మేస్తోందే!" అన్నారు. ఆవిడ మళ్లీ మళ్లీ తల ముంచుతూనే ఉన్నారు, మేమే బలవంతంగా బయటికి తీసుకొచ్చాం. తాబేలు దారికి అడ్డం వెళ్లకండి, ముట్టుకోవద్దు. అది పైకొచ్చే చోట మనుషులు గుమిగూడితే దానికి ఊపిరి అందదు.

ఈత రానివాళ్లు మనలో ఎక్కువ, కాబట్టి ఇది వివరంగా చెప్పాలి. వెళ్లేముందు ఊళ్లోని పూల్‌లో మాస్కు పెట్టుకుని నోటితో గాలి పీల్చడం అలవాటు చేసుకోండి. సముద్రంలో మొదటిసారి ప్రయత్నిస్తే కంగారే మిగులుతుంది. సొంత మాస్కు కొనుక్కోవడం మేలు. అద్దాలు వాడేవాళ్లకు పవర్ ఉన్న మాస్కులు దొరుకుతాయి. అవి లేకపోతే అంత దూరం వెళ్లి మసక చూసి రావాలి. మీసం ఉన్నవాళ్లకు ముక్కు కింద నీళ్లు కారతాయి, అక్కడ కొంచెం వ్యాజిలిన్ రాయండి. లైఫ్ వెస్ట్ లేకుండా ఎవర్నీ దింపకండి. లోతు తక్కువే కదా అనుకోవద్దు.

సన్‌స్క్రీన్ సంగతి ముఖ్యం. పగడాలకు హాని చేసే ఆక్సిబెంజోన్, ఆక్టినాక్సేట్, ఆక్టోక్రిలీన్ ఉన్నవి ఈ దీవుల్లో 2020 నుంచి నిషేధం. జింక్ ఆక్సైడ్ రకం తీసుకెళ్లండి. అంతకన్నా మంచిది ఫుల్ హ్యాండ్స్ రాష్ గార్డు (ఒంటికి అతుక్కునే ఈత చొక్కా), లెగ్గింగ్స్. మన ఆడవాళ్లకు అదే సౌకర్యం, పగడాలకూ క్షేమం. పగడం మీద నిలబడకండి. అది రాయి కాదు, ప్రాణి. కొన్ని తీరాల్లో మాంచినీల్ చెట్లుంటాయి. చిన్న పచ్చ ఆపిల్‌లా కాయలు, అవి విషం. వాన పడితే ఆ చెట్టు కింద నిలబడినా ఒళ్లు బొబ్బలెక్కుతుంది. పిల్లలకు ముందే చూపించి చెప్పండి.

డిసెంబరు నుంచి మార్చి మధ్యలో ఉత్తరం నుంచి పెద్ద అలలు వచ్చే రోజులుంటాయి. అప్పుడు ట్రంక్ బేలో ఇసుక లేచి ఏమీ కనబడదు. ఆ రోజు దక్షిణాన సాల్ట్ పాండ్ బేకి మళ్లండి. వేసవిలో తిరగబడుతుంది, దక్షిణ తూర్పు తీరాలకు సర్గాసం నాచు కొట్టుకొస్తుంది, ఉత్తరం బాగుంటుంది.

శాకాహారులకు బీచ్‌లో దొరికేది తక్కువ. మేం పులిహోర కట్టుకెళ్లాం, ట్రంక్ బే పిక్నిక్ బల్లల దగ్గర తిన్నాం. క్రూజ్ బేలో పాటే అని నూనెలో వేయించిన కజ్జికాయ ఆకారం తినుబండారం ఉంటుంది. కూరగాయలది ఉందేమో అడగండి, లేకపోతే లోపల బీఫో ఉప్పుచేపో ఉంటుంది.

ఫోన్ మీద ఓ కన్నేయండి. ఉత్తర తీరానికి ఎదురుగా బ్రిటిష్ దీవి టోర్టోలా ఉంది. సిగ్నల్ అక్కడి టవరుకి అంటుకుంటే రోమింగ్ బిల్లు పడుతుంది. మాహో వైపు వెళ్లేటప్పుడు డేటా రోమింగ్ ఆపేయండి.

బాగా ఈత వచ్చినవాళ్లు ఒక్కళ్లో ఇద్దరో ఉంటే, మాహోలో మిగతావాళ్లను ఉంచి లీన్‌స్టర్ బేకి వెళ్లండి. తీరం వెంట ముప్పావు మైలు పైగా నడిస్తే వాటర్‌లెమన్ కే అనే దిబ్బ ఎదురవుతుంది. సెయింట్ జాన్‌లో నాకు నచ్చిన స్నోర్కెలింగ్ ఇదే. అక్కడ ఎర్ర సముద్ర నక్షత్రాలుంటాయి, దిబ్బ వెనక ప్రవాహం కూడా ఉంటుంది. కొత్తవాళ్లను తీసుకెళ్లొద్దు. దారి మొదట్లోనే ఆనాబెర్గ్ చెరకు తోట శిథిలాలు. బానిసలు కట్టిన రాతిగోడల్లో పగడపు ముక్కలు పొదిగి ఉంటాయి. 1733లో ఈ దీవిలో బానిసలు తిరగబడి నెలల తరబడి ఏలుకున్నారు. పిల్లలకు చూపించాల్సిన చోటు, అరగంట కేటాయించండి. సాయంత్రం అయిదుకల్లా తడిబట్టలు మార్చుకుని క్రూజ్ బే చేరితే తిండికీ ఫెర్రీకీ తొందర ఉండదు.