కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ ఉచిత అన్వేషణ: బస్రాకు వెళ్ళి తిరిగిరాని ముత్తాత జాడ

“మా ముత్తాత బస్రా యుద్ధానికి పోయి అక్కడే చనిపోయాడు” అన్న ఒక్క మాట తప్ప మరే ఆధారమూ మిగలని కుటుంబాలు మన వరంగల్, కరీంనగర్ ప్రాంతాలలో ఇప్పటికీ ఉన్నాయి. అటువంటి వారు ఎవరికైనా డబ్బు కట్టే ముందు తప్పక వాడి చూడవలసిన సేవ కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ వెబ్‌సైటులో ఉన్న మృతుల అన్వేషణ. హన్మకొండలో స్థిరపడిన మా కుటుంబానికి ముత్తాత మరణించిన తేదీ మొదటిసారిగా తెలిసింది దీని ద్వారానే.

ఈ కమిషన్ 1917లో ఫేబియన్ వేర్ అనే బ్రిటిష్ అధికారి కృషితో రాజశాసనం ద్వారా ఏర్పడింది. రెండు ప్రపంచ యుద్ధాలలో బ్రిటిష్ సామ్రాజ్య, కామన్వెల్త్ దేశాల తరఫున మరణించిన దాదాపు 17 లక్షల మంది వివరాలు ఇందులో ఉన్నాయి. వెతకడానికీ, మృతుని పేరిట ధ్రువపత్రం దించుకోవడానికీ, స్కాన్ చేసి పెట్టిన పాత రిజిస్టరు పుటలను చూడడానికీ రుసుము లేదు. ఇదే పనికి మా వద్ద డబ్బు తీసుకున్న ఒక ప్రైవేటు పరిశోధకుడు చివరకు ఇచ్చినది ఈ వెబ్‌సైటులోని పుట ముద్రణే కనుక, ఉచితం అన్న విషయాన్ని మొదట చెప్పడం అవసరమని భావిస్తున్నాను.

అయితే కేవలం పేరుతో వెతికితే ఈ సేవ పెద్దగా ఉపయోగపడదు. రాజయ్య, మల్లయ్య వంటి పేర్లను ఆనాటి గుమాస్తాలు విన్నది విన్నట్టు ఇంగ్లీషులో రాసుకున్నారు. పైగా భారతీయ సైనికులలో చాలామందికి ఇంటిపేరు నమోదు కాలేదు. నిజమైన తాళంచెవి సైనికుని సేవా సంఖ్య (సర్వీస్ నంబరు). ఆ సంఖ్య మా ఇంటి పాత ఇనప్పెట్టెలోని వెండి పతకంలో దొరికింది. మొదటి ప్రపంచ యుద్ధానికి ఇచ్చిన బ్రిటిష్ వార్ మెడల్ అంచు మీద సంఖ్య, హోదా, పేరు, దళం చెక్కి ఉంటాయి. వంటవాళ్ళకు, నీళ్ళు మోసేవాళ్ళకు, కూలి దళాల వారికి అదే పతకాన్ని వెండితో కాక కంచుతో ఇచ్చారు. కాబట్టి కంచు పతకం ఉన్నవారు తమ పెద్దను తుపాకి పట్టిన సిపాయిగా మాత్రమే ఊహించుకుని వెతికితే దారి తప్పుతారు. మృతుల కుటుంబాలకు విడిగా పంపిన గుండ్రటి కంచు ఫలకం మీద మాత్రం పేరు తప్ప సంఖ్యగానీ దళంగానీ ఉండవు.

దళం విషయంలో కూడా కొంత చరిత్ర తెలిసి ఉండాలి. ఇంట్లో పెద్దలు “హైదరాబాదు కంటింజెంటు” అని చెప్పినా, నిజాం ఖర్చుతో బ్రిటిష్ అధికారుల కింద నడిచిన ఆ సైన్యం 1903 నాటికే భారత సైన్యంలో కలిసిపోయింది. దాని పదాతి దళాలకు 94 నుంచి 99 వరకు అంకెలు వచ్చాయి. మా ముత్తాత పతకం మీద ఉన్నది 97వ దక్కన్ ఇన్‌ఫాంట్రీ. దళం పేరు, సంఖ్య కలిపి ఇచ్చిన తరువాత ఆయన వివరాలు వెంటనే తెరమీదికి వచ్చాయి. వాటిలో తేదీతో పాటు తండ్రి పేరు కూడా కనబడినప్పుడు మా నాన్నగారు చాలాసేపు మాట్లాడలేకపోయారు.

సమాధి విషయంలో ఈ సేవ చెప్పే సత్యం కఠినమైనది. మా ముత్తాత పేరు ఇరాక్‌లోని బస్రా స్మారకం కింద నమోదై ఉంది. అది 1914 నుంచి 1921 వరకు మెసపొటేమియాలో (నేటి ఇరాక్ ప్రాంతం) మరణించి సమాధి ఎక్కడో తెలియని 40 వేలకు పైగా మందిని స్మరించే కట్టడం. అంటే వెళ్ళి దీపం పెట్టడానికి ఆయనదంటూ ఒక చోటు లేదు. ఆ స్మారకాన్ని కట్టినప్పుడు భారతీయ అధికారుల పేర్లు రాతి మీద చెక్కారు గానీ, సాధారణ సిపాయిలను దళం కింద అంకెలుగా మాత్రమే చూపారు. 1997లో దానిని అసలు చోటి నుంచి నాసిరియా దారిలో సుమారు 32 కిలోమీటర్ల దూరానికి తరలించారు. ఇరాక్‌లోనే అమారా పట్టణంలో ఉన్న భారతీయ యుద్ధ శ్మశానంలో ఉన్న సుమారు 5 వేల మందిలో గుర్తు తెలిసినవారు తొమ్మిది మంది మాత్రమే. ఈ అసమానతలను కమిషనే 2021 ఏప్రిల్‌లో ప్రత్యేక నివేదికగా ప్రచురించి క్షమాపణ చెప్పింది. కనీసం 1,16,000 మంది, ప్రధానంగా ఆసియా, ఆఫ్రికా దేశాల వారు, పేరుతో స్మరించబడలేదనీ, లేదా అసలే స్మరించబడలేదనీ, ఆ సంఖ్య 3,50,000 వరకు ఉండవచ్చుననీ అందులో ఉంది. కనుక పేరు దొరకకపోతే మీ పెద్ద యుద్ధానికి వెళ్ళలేదని అనుకోకండి. ఆధారాలు ఉంటే కొత్త పేరు చేర్చమని కమిషన్‌కు పంపే మార్గం కూడా ఉంది.

దీని పరిధి చిన్నదని గమనించాలి. మొదటి యుద్ధానికి 1914 ఆగస్టు 4 నుంచి 1921 ఆగస్టు 31 వరకు, రెండవ యుద్ధానికి 1939 సెప్టెంబరు 3 నుంచి 1947 డిసెంబరు 31 వరకు జరిగిన మరణాలకే ఇది వర్తిస్తుంది. ఎప్పుడు చేరాడు, ఎక్కడ శిక్షణ పొందాడు, ఇంటికి ఎంత పంపాడు అన్నవి ఇక్కడ దొరకవు. యుద్ధం నుంచి బతికి తిరిగివచ్చిన వారి పేర్లు, 1914కు ముందు కంటింజెంటులో చనిపోయిన వారి పేర్లు కూడా ఉండవు. నిజాం ప్రభుత్వపు కాగితాల కోసం హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర పత్రాగారానికి (స్టేట్ ఆర్కైవ్స్) వెళ్ళాలి, అక్కడ ఫారసీ, ఉర్దూ చదవగల వ్యక్తి తోడు అవసరం. పంజాబ్ సైనికుల గ్రామాలవారీ రిజిస్టర్లు, సుమారు 3,20,000 మంది వివరాలు, లాహోర్ మ్యూజియంలో ఉన్నాయి; వాటిలో మొదటి కొన్ని జిల్లాలవి 2021లో ఆన్‌లైన్‌లోకి వచ్చాయి. మన జిల్లాలకూ అటువంటి పని జరగాలని, కాకతీయ విశ్వవిద్యాలయపు చరిత్ర విద్యార్థులు దానికి పూనుకోవాలని గట్టిగా కోరుకుంటున్నాను.

పతకం ఇంట్లో ఉన్నవారు ముందు దానిని తోమి మెరుగు పెట్టకుండా, అంచును వెలుతురులో పట్టి చదివి, అక్షరాలను ఉన్నవి ఉన్నట్టు కాగితం మీద రాసుకుని అన్వేషణ మొదలుపెట్టాలి.