షార్లెట్ సొంత ట్రాక్‌పై అమరవీరుల రాత్రి

అమర సైనికులను స్మరించుకునే అమెరికా సెలవు మెమోరియల్ డే (మే చివరి సోమవారం). దాని ముందు ఆదివారం నార్త్ కరోలినాలోని షార్లెట్ మోటార్ స్పీడ్‌వేలో జరిగే 600 మైళ్ల కారు రేసు, కోకా-కోలా 600కు వెళ్లి తీరాలి. అమెరికా స్టాక్ కారు రేసింగ్ సిరీస్ నాస్కార్ జట్లలో చాలావాటి వర్క్‌షాపులు ఈ చుట్టుపక్కలే, అంటే వాళ్లకిది సొంతూరి ట్రాక్. ఒకటిన్నర మైళ్ల ట్రాక్‌పై 400 ల్యాప్‌లు (చుట్లు), నాలుగు స్టేజీలు (భాగాలు), నాలుగు గంటల పైమాటే.

కారు ముందు అద్దం పైపట్టీ మీద డ్రైవర్ పేరుండే చోట ఆ రాత్రి ఓ అమర సైనికుడి పేరుంటుంది. రెండో స్టేజీ అయ్యాక కార్లన్నీ పిట్ రోడ్‌లో (టైర్లు, ఇంధనం కోసం ఆగే పక్క దారిలో) ఆగుతాయి, ఇంజన్లు ఆపేస్తారు. అంత హోరు తర్వాత జెండా రెపరెపలు కూడా వినపడేంత నిశ్శబ్దం. టికెట్ డబ్బులకు విలువ అక్కడే దక్కుతుంది. ఆ సమయంలో క్యాంటీన్ క్యూలో ఉండకండి.

సీటు పై వరసల్లోనే తీసుకోండి. కింద వరసల్లో కూర్చుంటే ఎదుటి వైపు ట్రాక్ కనపడదు, పైగా రబ్బరు తునకలు మీద పడతాయి. చెవులకు ఫోమ్ ప్లగ్‌లు, పిల్లలకైతే ఇయర్ మఫ్‌లు తప్పనిసరి. స్కానర్ (జట్ల రేడియో వినిపించే పరికరం) అద్దెకు తీసుకుంటే జట్టుతో డ్రైవర్ల మాటలు వినొచ్చు. ఎండలో తారు వేడెక్కి వెనక చక్రాలు జారిన కారే, చీకటి పడి ట్రాక్ చల్లబడ్డాక మలుపు తిరగనని మొరాయిస్తుంది. జట్లు ఎందుకంత తంటాలు పడతాయో ఆ మాటల్లో తెలుస్తుంది.

వాన ఒక్కటే బెడద. 2024లో వాన వల్ల 249 ల్యాప్‌లకే ఆపేశారు, అప్పుడు ముందున్న క్రిస్టఫర్ బెల్ గెలిచాడు. సగం దాటితే ఫలితం ఖాయమే కాబట్టి, మబ్బులుంటే మొదటి నుంచే చూడండి. సోమవారం సెలవే, నిదానంగా బయల్దేరవచ్చు.