ఇంగ్లండ్‌లో కొత్త ఎస్టేట్లలో ఇల్లు కొనబోయేవారికి హెచ్చరిక: ‘ఫ్రీహోల్డ్’ అన్న మాట విని ఆగిపోకండి

కోవెంట్రీలోనో, లెస్టర్, డెర్బీ వంటి నగరాల్లోనో కొత్తగా కడుతున్న ఎస్టేట్లలో ఇల్లు బుక్ చేయబోతున్న మన తెలుగువారి కోసం ఇది రాస్తున్నాను. ‘ఇది ఫ్రీహోల్డ్, ఇల్లూ నేలా రెండూ మీవే, ఇంకెవరికీ ఏమీ కట్టనక్కర్లేదు’ అని సేల్స్ ఆఫీసులో చెప్పి మాకు ఇల్లు అమ్మారు. ఇప్పుడు ఏటేటా పెరిగే ఎస్టేట్ ఛార్జి కడుతున్నాం, అది న్యాయమైనదా కాదా అని నిలదీయడానికి సరైన వేదిక కూడా మాకు లేదు. బిల్డర్ పేరు గానీ, మేనేజ్‌మెంట్ కంపెనీ పేరు గానీ ఇక్కడ రాయడం లేదు, ఎందుకంటే ఈ పద్ధతి ఒక్క సంస్థది కాదు, దేశమంతటా కొత్త ఎస్టేట్లలో పాతుకుపోయినది.

కోవెంట్రీకి మనవాళ్లు ఎందుకు వస్తున్నారో అందరికీ తెలిసిందే. 2008లో టాటా మోటార్స్ కొన్న జాగ్వార్ ల్యాండ్ రోవర్ ప్రధాన కార్యాలయం విట్లీలో ఉంది, యూనివర్సిటీ హాస్పిటల్ ఉంది, వార్విక్ యూనివర్సిటీ ఉంది, రైలెక్కితే సుమారు గంటలో లండన్ యూస్టన్‌లో దిగవచ్చు, ఆదివారం టివిడేల్ బాలాజీ గుడికి వెళ్లి మధ్యాహ్నానికల్లా ఇంటికి తిరిగి రావచ్చు. నాలుగైదేళ్లు అద్దె కట్టిన కుటుంబం, ఆ డబ్బేదో మార్ట్‌గేజ్‌కే కడదామనుకోవడం సహజం. అప్పుడు ముందుగా కంటపడేవి నగరం అంచున కెరెస్లీ, ఈస్టర్న్ గ్రీన్ వంటి చోట్ల లేస్తున్న కొత్త ఇళ్లే. మంచి ఇన్సులేషన్, పదేళ్ల వారంటీ, పిల్లలు ఆడుకోవడానికి పచ్చిక, వీటిలో దేన్నీ నేను కాదనడం లేదు. ఇల్లు బాగుంది, చిక్కంతా కాగితాల్లో ఉంది.

ఆ కాగితాలు మా కళ్లకు ఎలా ఆనకుండా పోయాయో కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే మీకూ ఇదే వరుసలో జరుగుతుంది. రిజర్వేషన్ ఫీజు కట్టగానే 28 రోజుల్లో కాంట్రాక్టులు ఎక్స్ఛేంజ్ (ఇరువైపులా సంతకం చేసిన ఒప్పందాలు మార్చుకుని కొనుగోలుకు కట్టుబడే ఘట్టం) కావాలని, లేకపోతే ప్లాటు వేరేవాళ్లకు పోతుందని చెప్పారు. ఆ వెంటనే, ‘మా ప్యానెల్ సొలిసిటర్‌ను, అంటే మా జాబితాలోని లాయర్‌ను, పెట్టుకుంటే ఈ సైట్ పేపర్లన్నీ వాళ్లకు ముందే తెలుసు, పని తొందరగా అవుతుంది, లీగల్ ఫీజులో కొంత మేమే భరిస్తాం’ అన్నారు. ఆ సొలిసిటర్ ఆఫీసు వేరే ఊళ్లో ఉంది, ముఖం చూసింది లేదు, ఫోన్ చేసిన ప్రతిసారీ కొత్త గొంతు పలికేది. ఎక్స్ఛేంజ్‌కు రెండు రోజుల ముందు పదుల పేజీల రిపోర్టు ఒకటి ఈమెయిల్‌లో వచ్చింది. అందులో ‘ఈ ఆస్తి ఎస్టేట్ రెంట్‌ఛార్జికి లోబడి ఉంటుంది’ అన్న వాక్యం ఒకే ఒక్కసారి, వివరణ ఏమీ లేకుండా ఉంది. దాని అర్థం ఏమిటని రాతపూర్వకంగా అడిగితే, ‘కొత్త ఎస్టేట్లలో ఇది మామూలే’ అని జవాబిచ్చారు. మామూలే అన్న మాట నిజమే కానీ, అది మా ప్రశ్నకు సమాధానం కాదు. బిల్డర్ నుంచి మళ్లీ మళ్లీ కేసులు అందుకునే సొలిసిటర్, ఆ బిల్డర్ అమ్మకాన్ని ఆలస్యం చేసే ప్రశ్నను గట్టిగా వేస్తారని నేను ఇక నమ్మను.

అసలు ఈ ఎస్టేట్ ఛార్జి, కాగితాల భాషలో రెంట్‌ఛార్జి, ఏమిటంటే, ఎస్టేట్‌లోని పచ్చిక, ఆటస్థలం, వాననీటిని పట్టి ఉంచే చెరువు, కొన్నిచోట్ల లోపలి రోడ్లు కూడా కౌన్సిల్ (స్థానిక సంస్థ) తీసుకోదు. వాటిని ఒక ప్రైవేటు మేనేజ్‌మెంట్ కంపెనీ చూసుకుంటుంది, ఆ ఖర్చును ఇళ్లవాళ్ల మీద పంచుతుంది. సేల్స్ ఆఫీసులో మాకు చెప్పిన అంచనా ఏడాదికి 120 పౌండ్లు. మొదటి పూర్తి సంవత్సరపు బిల్లు 286 పౌండ్లు వచ్చింది, ఆ మరుసటి ఏడు 391 అయింది. ఆ రెండో బిల్లు నా ముందే ఉంది. గడ్డి కోతకు వేసిన మొత్తం కన్నా ‘నిర్వహణ రుసుము’, ‘లెక్కల తయారీ’, ‘పాలనా ఖర్చులు’ అన్న మూడు వరుసలు కలిపితే వచ్చే మొత్తమే ఎక్కువ. అంటే పని చేయించడం కన్నా, పని చేయించామని కాగితం పంపడానికే మేము ఎక్కువ కడుతున్నాం. చెట్లకు నీరు పోసిన ఖర్చు అని ఒక వరుస ఉంది. ఆ చెట్లలో సగం నాటిన వేసవిలోనే ఎండిపోయాయి, వాటికి కట్టిన కర్రలు మాత్రం నేటికీ నిలబడి ఉన్నాయి. ఇన్వాయిస్‌ల నకళ్లు అడిగితే ‘ఏడాది చివరి లెక్కల్లో చూసుకోండి’ అన్నారు, ఆ లెక్కల్లో చూస్తే మళ్లీ అవే మొత్తాలు, అవే పేర్లు.

ఇక్కడ కౌన్సిల్ ట్యాక్స్‌లో మాకు ఒక్క పెన్నీ కూడా తగ్గలేదని గుర్తుంచుకోవాలి. పక్క పేటలో కౌన్సిల్ రోడ్డు, కౌన్సిల్ పార్కు ఉన్న అదే బ్యాండ్ (ఇంటి విలువను బట్టి పెట్టే పన్ను శ్రేణి) ఇంటివారు ఎంత కడతారో మేమూ అంతే కడతాం, ఆపైన ఇది. మా వీధికి పైపొర తారు ఇంకా వేయలేదు. మ్యాన్‌హోల్ మూతలు రోడ్డు మట్టం కన్నా పైకి పొడుచుకుని ఉన్నాయి, చలికాలం సాయంత్రం నాలుగింటికే చీకటి పడ్డాక వాకింగ్‌కు వెళ్లిన మా అత్తగారు వాటిలో ఒకదానికి తట్టుకుని పడ్డారు. ఎవరికి ఫిర్యాదు చేయాలో తేలడానికే వారాలు పట్టింది: రోడ్డు ఇంకా తమది కాదని కౌన్సిల్, తమ పరిధి పచ్చిక వరకేనని మేనేజ్‌మెంట్ కంపెనీ, సైట్ పని పూర్తయ్యాక చూస్తామని బిల్డర్.

చట్టం సంగతి ఇంకా బాధాకరం. 1977 నాటి రెంట్‌ఛార్జెస్ చట్టం కొత్తగా రెంట్‌ఛార్జిలు పుట్టకుండా చాలావరకు ఆపింది గానీ, ఎస్టేట్ నిర్వహణ పేరుతో వేసేవాటిని వదిలేసింది, నేటి బిల్డర్లు నడుస్తున్నది ఆ సందులోంచే. లీజ్‌హోల్డ్ ఫ్లాటులో (నిర్ణీత కాలానికి లీజు మీద కొన్నదానిలో) ఉండేవారు సర్వీస్ ఛార్జి అన్యాయంగా ఉందనుకుంటే 1985 నాటి ల్యాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ చట్టం కింద ట్రైబ్యునల్‌కు వెళ్లగలరు. ఫ్రీహోల్డ్ ఇంటివారికి ఆ దారి లేదు. పైగా 1925 నాటి లా ఆఫ్ ప్రాపర్టీ చట్టంలోని 121వ సెక్షన్ ప్రకారం, గడువు దాటి 40 రోజులు బకాయి ఉంటే రెంట్‌ఛార్జి హక్కుదారు ఆ ఇంటిని ట్రస్టీ పేరిట లీజుకు రాసి బాకీ రాబట్టుకోవచ్చు, అందుకు ముందుగా డిమాండ్ నోటీసు ఇచ్చి ఉండాలన్న నియమం కూడా లేదు. ఇది పుస్తకాల్లోనే ఉండిపోయిన పాత ముచ్చట కాదు: కొద్ది పౌండ్ల బకాయికి 99 ఏళ్ల లీజు రాసిన వ్యవహారంలో, ఆ లీజు రిజిస్టర్ కావచ్చని 2016లో ట్రైబ్యునల్ తేల్చింది. అందుకే కొందరు మార్ట్‌గేజ్ లెండర్లు, ఈ సెక్షన్ వర్తించదని దస్తావేజులో లేకపోతే అప్పు ఇవ్వడానికి వెనకాడతారు. అంటే మీరు అమ్మేనాడు కొనేవారి బ్యాంకు అడ్డుపడవచ్చు, అప్పుడు దస్తావేజు సవరణకు అయ్యే ఖర్చు సాధారణంగా అమ్మేవారి మీదే పడుతుంది. దీనికి తోడు, మేనేజ్‌మెంట్ కంపెనీ సర్టిఫికెట్ ఇవ్వనిదే కొత్త యజమాని పేరు రిజిస్టర్ కాకుండా టైటిల్ మీద ఆంక్ష పెడతారు, ఆ సర్టిఫికెట్‌కూ, వారిచ్చే సమాచారానికీ మళ్లీ రుసుము.

ఇది నా ఒక్కరి గోడు కాదనడానికి పోటీ నియంత్రణ సంస్థ సీఎంఏ 2024 ఫిబ్రవరిలో విడుదల చేసిన నివేదిక ఉంది. 2021-22లో 11 అతిపెద్ద బిల్డర్లు అమ్మిన కొత్త ఇళ్లలో 80 శాతం ఇలాంటి ఛార్జీల కిందే ఉన్నాయని అది తేల్చింది. 2024 మే నెలలో ఆమోదం పొందిన లీజ్‌హోల్డ్ అండ్ ఫ్రీహోల్డ్ రిఫార్మ్ చట్టంలో మాలాంటివారికి ట్రైబ్యునల్ హక్కు రాసి ఉంది, కానీ చట్టం ఆమోదం పొందినంత మాత్రాన ఆ హక్కు చేతికి రాదు, ప్రభుత్వం దాన్ని విడిగా అమల్లోకి తేవాలి. ‘కొత్త చట్టం వచ్చిందిగా, ఇక భయం లేదు’ అని సేల్స్ ఆఫీసులో అంటే, ఏ సెక్షన్ ఏ తేదీ నుంచి అమల్లో ఉందో రాసిమ్మని అడగండి.

అదే ప్యానెల్ సొలిసిటర్ దగ్గర మా పక్కింటివారికి జరిగింది మరీ ఘోరం, అది మనవాళ్లకు ప్రత్యేకంగా తగిలే దెబ్బ. వారికి మియాపూర్‌లో సొంత ఫ్లాటు ఉంది. స్టాంప్ డ్యూటీ ఫారంలో ‘వేరే ఇల్లు ఉందా’ అన్న ప్రశ్నను బ్రిటన్‌లో ఇల్లు అనే అర్థంలో తీసుకున్నారు, విదేశాల్లో ఏమైనా ఉందా అని సొలిసిటర్ ఒక్క మాట అడగలేదు. నిజానికి చట్టం ప్రపంచంలో ఎక్కడున్న ఇల్లయినా లెక్కలోకి తీసుకుంటుంది. 310,000 పౌండ్ల ఇల్లు తీసుకుంటే, 2025 ఏప్రిల్ నుంచి ఉన్న రేట్ల ప్రకారం మొదటిసారి ఇల్లు కొనేవారికి స్టాంప్ డ్యూటీ 500 పౌండ్లు. ఇదివరకు ఎక్కడైనా ఇల్లు ఉండి, అమ్మేసి ఉంటే 5,500. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో 40,000 పౌండ్లు లేదా అంతకు మించిన విలువ గల ఇల్లు కొన్ననాటికి మీ పేరిట ఉంటే, అదనపు ఇంటి రేటు పడి 21,000 పౌండ్లు. భార్యాభర్తలు కలిసి ఉంటున్నప్పుడు ఎవరి పేరిట ఉన్నా ఇద్దరికీ వర్తిస్తుంది. నాన్నగారి ఇంట్లో వారసత్వంగా వచ్చిన వాటా కూడా మొదటి కొనుగోలు రాయితీని పోగొట్టగలదు, దాని మీద అదనపు రేటు పడుతుందా లేదా అన్నది వాటా ఎంత, ఎప్పుడు వచ్చింది అన్న దాన్ని బట్టి ఉంటుంది. పొలం, ఖాళీ స్థలం ఇల్లు కిందకు రావు. మా పక్కింటివారికి పన్నుల శాఖ నుంచి ఉత్తరం వచ్చేసరికి, తేడా సొమ్ము మీద వడ్డీ కూడా తోడైంది. పిల్లల చదువుకని దాచుకున్న డబ్బు దానికి పోయింది.

కాబట్టి రిజర్వేషన్ ఫీజు కట్టకముందే మీ సొలిసిటర్‌ను మీరే వెతుక్కోండి, బిల్డర్‌తో ఏ లావాదేవీ లేనివారిని, వీలైతే మీ ఊళ్లో ఆఫీసు ఉండి ఎదురుగా కూర్చుని మాట్లాడగలిగినవారిని చూసుకోండి. ఫలానావారినే పెట్టుకోవాలని ఏ బిల్డరూ పట్టుబట్టకూడదు, కేసు తెచ్చిపెట్టినందుకు ఎవరికైనా రుసుము ఇస్తుంటే ఆ విషయం సొలిసిటర్ మీకు చెప్పి తీరాలి. ఆ తరువాత, టీపీ1 అనే బదిలీ దస్తావేజు ముసాయిదా మొదటి వారంలోనే తెప్పించుకుని, ఛార్జికి పైపరిమితి ఉందా, 121వ సెక్షన్‌ను మినహాయించారా, మేనేజ్‌మెంట్ కంపెనీలో ఇళ్లవాళ్లకు ఓటు ఎప్పుడు వస్తుంది అని సొలిసిటర్ చేత రాతలో అడిగించండి. రోడ్లను కౌన్సిల్‌కు అప్పగించే హైవేస్ చట్టపు 38వ సెక్షన్ ఒప్పందం మీద సంతకాలు అయ్యాయా, దానికి పూచీగా బాండ్ ఉందా అన్నది కూడా తేల్చుకోండి. ‘దరఖాస్తు పెట్టాం’ అంటే సంతకాలు కాలేదనే అర్థం. కెరెస్లీ వైపు కొనేవారు బొగ్గు గనుల సెర్చ్ తప్పనిసరిగా చేయించుకోవాలి, అక్కడ గని ఉండేది. 28 రోజుల గడువు గురించి కంగారు పడకండి. జవాబులు రాకపోవడం వల్లే ఆలస్యమవుతోందని సొలిసిటర్ రాస్తే సాధారణంగా పొడిగిస్తారు, పొడిగించకపోయినా పోయేది రిజర్వేషన్ ఫీజులో కొంత భాగమే. ఎక్స్ఛేంజ్ అయ్యాక వెనక్కి తగ్గితే పోయేది డిపాజిట్.

ఇప్పటికే కొనేసి మాలాగే ఇరుక్కున్నవారు, కోపంతో ఛార్జి కట్టడం మాత్రం ఆపకండి, ఆ 40 రోజుల నిబంధన మీ ఇంటి మీదకు రాగలదు. అభ్యంతరం తెలుపుతూనే కడుతున్నామని ఈమెయిల్‌లో రాసి కట్టండి. సొలిసిటర్ మీద ఫిర్యాదు ముందు ఆ సంస్థకే రాతపూర్వకంగా ఇవ్వాలి, ఎనిమిది వారాల్లో తేల్చకపోతే లాయర్ల సేవలపై ఫిర్యాదులు తేల్చే లీగల్ అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. సొలిసిటర్ సంస్థ తుది జవాబు ఇచ్చాక మీ చేతిలో ఉండేది ఆరు నెలలు, తప్పు జరిగిన నాటి నుంచి లేదా మీకు తెలిసిన నాటి నుంచి ఏడాది అన్న గడువు దానికి వేరుగా నడుస్తూ ఉంటుంది. మేము మా ఫిర్యాదు పెట్టాం, అంబుడ్స్‌మన్ నిర్ణయం రాగానే వివరాలు ఇక్కడే రాస్తాను.