నాంపల్లి నుంచి సిమ్లా దాకా పిల్లలతో రైల్లో

మే నెలలో సిమ్లా వెళ్లొచ్చాం. నాంపల్లిలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఢిల్లీ, అక్కణ్ణుంచి కాల్కా, కాల్కా నుంచి కొండ మీదికి చిన్న రైలు. మొత్తం అయిదుగురం: నేను, మా ఆయన, అత్తమ్మ, తొమ్మిదేళ్ల పాప, నాలుగున్నరేళ్ల చిన్నోడు. పిల్లలతో ఇరవై ఆరు గంటలు రైల్లోనా, విమానంలో అయితే రెండు గంటల్లో దిగిపోతారు కదా అని అడగనివాళ్లు లేరు. వెళ్లొచ్చాక నాకు అర్థమైంది ఒకటే. మనకు సెలవు ఊరు చేరాక మొదలవుతుంది, పిల్లలకు మాత్రం రైలెక్కిన నిమిషం నుంచే మొదలవుతుంది. సిమ్లాలో ఏం చూశావురా అని ఎవరడిగినా మా చిన్నోడు ముందు "పై బెర్తు" అంటాడు, ఆ తర్వాతే కొండలూ కోతులూ.

ముందు టికెట్ల సంగతి చెప్తాను, ఎందుకంటే ప్రయాణం బాగుండటం బాగుండకపోవడం సగం అక్కడే తేలిపోతుంది. రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నారు, ఇంతకుముందు 120 రోజులుండేది, 2024 నవంబరు నుంచి తగ్గించారు. మే నెల, ఢిల్లీ వైపు రైలు అంటే ఆ రోజు పొద్దున ఎనిమిదింటికి ఫోన్ పట్టుకుని కూర్చోవాల్సిందే. అయిదేళ్లు నిండని పిల్లలకు టికెట్ అక్కర్లేదు, బెర్తూ రాదు. అయిదు నిండి పన్నెండు నిండనివాళ్లకు బెర్త్ లేకుండా అయితే సగం ఛార్జీ, బెర్త్ కావాలంటే పూర్తి ఛార్జీ. పాపకు పూర్తి టికెట్టే తీశాం. చిన్నోడికి ఎలాగూ ఉచితమే కదా, నా పక్కన పడుకుంటాడులే అనుకున్నాం. అది తప్పు. రాత్రి వాడు బెర్త్‌కి అడ్డం తిరిగి పడుకుని కాళ్లతో నన్ను అంచుకి నెట్టేస్తుంటే, పడిపోతాడేమో అని ఒక చెయ్యి వాడి మీదే వేసుకుని భోపాల్ నుంచి ఆగ్రా దాకా కళ్లు మూయలేదు. ఒక్క రాత్రే కదా అనుకోకండి, మర్నాడు ఢిల్లీ ఎండలో తిరగాల్సింది ఆ నిద్రలేని తల్లే. తిరుగు ప్రయాణంలో వాడికీ పూర్తి ఛార్జీ కట్టి బెర్త్ తీసుకున్నాం, మొత్తం ట్రిప్పులో నేను మనస్ఫూర్తిగా పెట్టిన ఖర్చు అదే.

పెద్దవాళ్లు ఉంటే ఇంకో మాట. అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు, కింది బెర్త్ తప్పనిసరి. సీనియర్ల లోయర్ బెర్త్ కోటా కావాలంటే వాళ్ల టికెట్ విడిగా తీయాలి, ఇంటిల్లిపాదినీ ఒకే టికెట్‌లో పెడితే ఆ కోటా వర్తించదు. విడిగా తీశాం, లోయర్ వచ్చింది, అదృష్టం కొద్దీ మా బోగీలోనే రెండు వరసల అవతల. అడిగితే ఒకబ్బాయి మార్చుకున్నాడు.

నాంపల్లిలో రైలు బయల్దేరేది పొద్దున ఆరింటికి. పిల్లలున్నవాళ్లు రైలు మొదలయ్యే స్టేషన్‌లోనే ఎక్కడం మంచిదని నా అనుభవం. బోగీ ఖాళీగా ఉంటుంది, పెట్టెలు సీట్ల కింద సర్దుకోవచ్చు, పిల్లలు నిచ్చెన ఎక్కి దిగే మోజు ఎవరికీ అడ్డం లేకుండా తీర్చుకుంటారు. చిన్నోడు కాజీపేట వచ్చేలోపు పై బెర్తు ఎక్కి దిగడం ఎన్నిసార్లో లెక్కలేదు. కాజీపేటలో ఓ పెద్దాయన, ఆయన భార్య ఎక్కారు, భోపాల్‌లో ఉన్న కొడుకు దగ్గరికి. టిఫిన్ డబ్బాలు తెరిచాక ఇంకేముంది, మా పులిహోర వాళ్లకి, వాళ్ల సర్వపిండి మాకు. రామగుండం దాటగానే ఆయన చిన్నోణ్ణి పిలిచి "ఇటు రా బిడ్డా, గోదావరి ఈ పక్క మంచిగ కనబడ్తది" అని తన కిటికీ సీటు ఇచ్చేశాడు. మంచిర్యాల ముందు వంతెన మొదలైంది. ఎండాకాలం కదా, నీళ్లు పాయలు పాయలుగా, మధ్యలో అంతా ఇసుక. అత్తమ్మ కొంగు ముడి విప్పి రెండు రూపాయల బిళ్ల తీసింది. ఏసీ బోగీ అద్దం తెరుచుకోదని అప్పుడు గుర్తొచ్చింది. బిళ్లను చిన్నోడి అరచేతిలో పెట్టి, ఆ చేతిని అద్దానికి ఆనించి, పైనుంచి తన చెయ్యి వేసి వంతెన చివరిదాకా అలాగే పట్టుకుంది. పాప పక్కనే నిలబడి "నీళ్లు తక్కువున్నయి కదా నానమ్మా, గోదారికి తెలుస్తదా మనం వచ్చినట్టు" అంది. అత్తమ్మ తెలుస్తదనే చెప్పింది.

మధ్యాహ్నం బల్లార్షా, చంద్రాపూర్ దగ్గర బయట ఎండ చూస్తేనే భయమేసింది. ఈ దారిలో మే నెలలో స్లీపర్ క్లాస్‌లో చిన్నపిల్లల్ని తీసుకెళ్లొద్దని గట్టిగా చెప్తాను. డబ్బు ఆదా చేసుకోవాలంటే హోటల్ దగ్గర చేసుకోవచ్చు, ఇక్కడ వద్దు. చలికాలమైతే వేరే సంగతి, కిటికీ తెరిచి కూర్చునే ఆ సుఖం ఏసీలో లేదు.

తిండి విషయంలో మాకు బాగా కుదిరింది ఇది: మొదటి రోజంతా ఇంటి తిండే. పొద్దునకు కారప్పొడి, నూనె పట్టించిన ఇడ్లీలు, మధ్యాహ్నానికి చింతపండు పులిహోర, రాత్రికి పాలు పోసి కలిపిన చపాతీలు, ఆలుగడ్డ వేపుడు. పులిహోర నిమ్మకాయది కాకుండా చింతపండుదే చెయ్యండి, సాయంత్రానికీ రుచి పోదు. ఒక్క రాత్రి భోజనానికి మాత్రం సరదాగా ఫోన్‌లో టికెట్ మీది పీఎన్‌ఆర్ నంబరు కొట్టి ఓ స్టేషన్‌లో బిర్యానీ తెప్పించుకుందామని ఆర్డర్ పెట్టాం, డబ్బులు ముందే కట్టేశాం. రైలు ఆగింది, కదిలింది, మనిషి రాలేదు. ఆ హోటల్‌కి ఫోన్ చేస్తే ఎత్తలేదు. డబ్బులు నాలుగు రోజులకు వెనక్కి వచ్చాయి కానీ, బిర్యానీ వస్తుందని ఆకలితో కూర్చున్న పిల్లల మొహాలు చూడలేకపోయాం. చపాతీలు ఉన్నాయి కాబట్టి సరిపోయింది. ఆర్డర్ పెట్టండి, తప్పులేదు, చేతిలో ఓ పూట తిండి ఉంచుకునే పెట్టండి. డెలివరీ అప్పుడు డబ్బు కట్టే వీలుంటే అదే ఎంచుకోండి.

నాగపూర్ దాటాక, బేతుల్ నుంచి ఇటార్సీ వైపు సాత్పురా కొండలు వస్తాయి. సాయంత్రం వెలుగు ఇంకా ఉంది. టేకు చెట్లన్నీ ఆకు రాల్చి కర్రల్లా నిలబడ్డాయి, మధ్యమధ్య సొరంగాలు. చీకటి పడగానే పిల్లలిద్దరూ కలిసి అరవడం, వెలుగు రాగానే ఆపడం. ఫోన్ ఇవ్వకుండా 26 గంటలు ఎలా గడిపారని అందరూ అడుగుతారు. ఇచ్చాం, ఇవ్వలేదని అబద్ధం చెప్పను, రాత్రి ఓ గంట ఇచ్చాం. మిగతా సమయానికి పేకముక్కలు, రంగు పెన్సిళ్లు, అన్నిటికంటే ఎక్కువగా ఒక నోటు పుస్తకం పనికొచ్చాయి. పాప ప్రతి స్టేషన్ పేరూ, వచ్చిన టైమూ రాసుకుంది. తెలుగు, మరాఠీ, హిందీ బోర్డులు మారడం అది చెప్తేనే నేను గమనించాను.

వెళ్లేటప్పుడు థర్డ్ ఏసీ, వచ్చేటప్పుడు సెకండ్ ఏసీలో వచ్చాం కాబట్టి రెండూ చెప్పగలను. సెకండ్ ఏసీలో మధ్య బెర్త్ ఉండదు, పడుకున్నా కూర్చున్నా తల పైకి తగలదు, పరదాలుంటాయి, పెద్దవాళ్లకు హాయి. థర్డ్ ఏసీలో రాత్రి పదికి మధ్య బెర్త్ వేశారంటే పొద్దున ఆరు దాకా కింద నిటారుగా కూర్చోలేం. అయినా పిల్లలకు థర్డ్ ఏసీయే బాగుందంటాను. ఎదురెదురుగా ఆరుగురు, పక్కన ఇద్దరు, మాటలు కలుస్తాయి, తోటి పిల్లలు దొరుకుతారు. సెకండ్ ఏసీలో పరదా వేసుకుని ఎవరి లోకం వారిదే, చిన్నోడు గట్టిగా నవ్వితే నాకే టెన్షన్. అత్తమ్మ వయసువాళ్లు వెంట ఉంటే సెకండ్, లేకపోతే పిల్లలతో థర్డ్ చాలు. ఏ క్లాసైనా ఏదైనా ఇబ్బంది ఉంటే రైల్వే హెల్ప్‌లైన్ 139కి ఫోన్ చేయొచ్చని పిల్లల తల్లిదండ్రులందరూ గుర్తుంచుకోవాలి.

పొద్దున న్యూఢిల్లీలో దిగాం. స్టేషన్‌కి దగ్గరని పహాడ్‌గంజ్‌లో గది తీసుకున్నాం, పేరు రాయను, మూడు రోజుల ముందే ఫోన్ చేసి పొద్దున్నే వస్తాం, చిన్నపిల్లలున్నారు అంటే రండి రండి అన్నారు. తీరా వెళ్తే గది ఖాళీ లేదని పన్నెండు దాకా రిసెప్షన్‌లో కూర్చోబెట్టారు. ఇచ్చిన గదికి కిటికీ లేదు. స్టేషన్‌కి దగ్గరగా ఉండటం ఒకటే చాలదు, ముందురోజు రాత్రి నుంచే గదికి డబ్బు కట్టి పెట్టుకోవడం మేలు, లేదా స్టేషన్‌లోనే రైల్వేవాళ్లు అద్దెకిచ్చే రిటైరింగ్ రూమ్ దొరుకుతుందేమో ముందుగా చూసుకోవాలి. అంత ప్రయాణం హాయిగా చేసిన పిల్లలు ఆ నాలుగు గంటల్లోనే ఏడుపు మొదలుపెట్టారు.

మర్నాడు పొద్దున కాల్కా శతాబ్ది. టిఫిన్ సీటు దగ్గరికే వచ్చింది, పిల్లలకు అదో సంబరం. కాల్కాలో దిగి పక్క ప్లాట్‌ఫాం మీదికి నడిస్తే బొమ్మలాంటి రైలు. దాని పట్టాల మధ్య వెడల్పు రెండున్నర అడుగులే. 1903లో వేసిన దారి, 2008లో యునెస్కో జాబితాలో చేరింది. 96 కిలోమీటర్లకు అయిదు గంటల పైన పడుతుంది, అయినా ఇంకా నెమ్మదిగా వెళ్తే బాగుండనిపించింది. సొరంగాల మొదట్లో నంబర్లు రాసి ఉంటాయి. పాప నోటు పుస్తకంలో ఒక్కొక్కటీ టిక్కు పెట్టుకుంటూ వెళ్లింది. బడోగ్ సొరంగం, నంబరు 33, అన్నిటికంటే పొడవైనది, కిలోమీటరు పైనే. అది దాటగానే బడోగ్ స్టేషన్‌లో రైలు ఆగుతుంది, వేడి కట్లెట్లు, టీ. ఒకచోట పాప నంబరు తప్పిపోయిందని ఏడుపు మొహం పెట్టింది, 45 తర్వాత 47 వచ్చిందని. దాని కంటి తప్పు కాదు. నంబర్లు 103 దాకా ఉన్నా ఇప్పుడు సొరంగాలు 102, 46 లేదు. పక్క సీటాయన చెప్తే గానీ శాంతించలేదు.

ఆ మలుపులకు కడుపులో తిప్పుతుందని మాత్రం ఎవరూ ముందు చెప్పలేదు. సోలన్ దాటాక చిన్నోడు వాంతి చేసుకున్నాడు. ఎక్కే ముందు కడుపు నిండా పెట్టకండి, కవర్లు, తడి గుడ్డ, మార్చే చొక్కా పై సంచిలో ఉంచుకోండి, పెద్ద పెట్టెలో కాదు.

సిమ్లాలో మాల్ రోడ్డుకు కాస్త కింద ఓ కుటుంబం నడిపే ఇంట్లో దిగాం. బాగుంది, పెద్దామె రాత్రిళ్లు పిల్లలకు పప్పు, అన్నం మెత్తగా వండి పెట్టింది. కాకపోతే మాల్ రోడ్డు మీదికి బండ్లు రావు, మెట్లు విపరీతం. అత్తమ్మ మొదటి రోజు తర్వాత లిఫ్ట్ లేకుండా పైకి రానంది. కార్ట్ రోడ్డు నుంచి మాల్‌కి టికెట్ తీసుకుని ఎక్కే లిఫ్ట్ ఉంది, పెద్దవాళ్లుంటే దానికి దగ్గర్లోనే గది చూసుకోండి. జాఖూ కొండ మీద 108 అడుగుల హనుమంతుడు, కళ్లజోళ్లు లాక్కుపోయే కోతులు. కళ్లజోడు జేబులో పెట్టుకునే వెళ్లాం. మాల్ దగ్గరి విశాలమైన ఖాళీ జాగా, రిడ్జ్ అంటారు, దాని మీద పిల్లలు ఊరికే పరుగెత్తారు, నాకు అదే నచ్చింది.

తిరుగు దారిలో ఢిల్లీలో ఒక రోజు ఉంచుకున్నాం. చాణక్యపురిలోని జాతీయ రైలు మ్యూజియానికి తప్పక తీసుకెళ్లండి, సోమవారం మూసి ఉంటుంది. పాత ఆవిరి ఇంజిన్ల మధ్య మా ఇద్దరూ మూడు గంటలు కదల్లేదు. అక్కణ్ణుంచి ఆంధ్రా భవన్ క్యాంటీన్. అయిదు రోజులు పరాఠాలు తిన్న అత్తమ్మ వేడన్నంలో పప్పు, నెయ్యి కలుపుకుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాక కాసేపు మాట్లాడలేదు. వరస ఉంటుంది, పిల్లలతో తొందరగా వెళ్లండి.

ఆ సాయంత్రమే రైలు. చిన్నోడు తన సొంత బెర్త్ మీద, తన సొంత దుప్పటిలో నాగపూర్ దాకా కదలకుండా పడుకున్నాడు, నేనూ పడుకున్నాను. దసరా సెలవులకు కన్యాకుమారి అనుకుంటున్నాం. అయిదు బెర్తులే. 60 రోజుల లెక్క వేసి ఆ తేదీ చుట్టూ క్యాలెండర్‌లో పాప ఎర్ర పెన్నుతో గీత గీసి పెట్టింది.