కళ్యాణదుర్గంలో రాకాసి గుళ్లు: పేరు తెలియక 400 వదిలాయి

అనంతపురం నుంచి కళ్యాణదుర్గం దాకా బస్సులో సీట్లు దొరికాయి. దగ్గర్లోని ముదిగల్లులో డోల్మెన్లు, అంటే పాతకాలపు రాతిబండల కట్టడాలు, చూడ్డానికి పోయాం. చెప్పాల్సిందంతా దిగాకే.

బస్టాండు బయట ఒక ఆటో అతన్ని "ముదిగల్లు డోల్మెన్ల దగ్గరికి వస్తావా?" అని అడిగాను. తెలిసినట్టే తలూపి 400 అన్నాడు. బావమరిది బేరమాడబోతే నేనే ఆపాను, ఎందుకు ఆపానో! తీసుకుపోయి ఒక ఆంజనేయస్వామి గుడి ముందు దించాడు. ఇది కాదయ్యా అంటే "పాత రాళ్ళే కదా సార్, ఇవీ పాతవే" అని డబ్బు తీసుకుని చక్కా పోయాడు.

గుడి పక్కన అరుగు మీద ఒక అవ్వ శెనక్కాయలు ఒలుస్తోంది. బండలు నిలబెట్టి పైన ఇంకో బండ కప్పి ఉంటాయని చేతులతో చూపించాను. "రాకాసి గుళ్లకా పోవల్ల? అట్లడగాల నాయనా! డోలు గీలు అంటే ఎవురికి తెలుస్తుంది?"

తప్పు నాదే. డోల్మెన్ ఎక్కడో ఫ్రాన్సు మూల బ్రెటన్ భాష మాటల్లోంచి వచ్చిందట: బల్ల, రాయి కలిపి రాతిబల్ల. ఒంటిగా నిలబెట్టినదైతే మెన్హిర్, అంటే పొడుగు రాయి. మనవాళ్ళు ఇంత బండలు మనుషులెత్తేవి కావని తేల్చి రాకాసులకో, పాండవులకో అంటగట్టేశారు. నిజానికి గుళ్ళూ కావు, సమాధులు. దక్షిణాదిన ఇలాంటివి ఎక్కువగా ఇనుప యుగం నాటివి, క్రీ.పూ. మొదటి సహస్రాబ్దివి.

రెండో ఆటో, ఈసారి సరైన పేరుతో, రానూపోనూ 350. గంట ఆగాడు కూడా.

మేం చూసినవాటిలో ఒకటి బాగా నిలిచి ఉంది. నాలుగు పలకలు, ఒక్కోదాని అంచు పక్కదాన్ని దాటి ముందుకు పొడుచుకొచ్చేలా ఆనించారు. అందుకే సున్నం, మట్టి ఏమీ లేకుండా ఒకదాన్నొకటి పడకుండా పట్టుకున్నాయి. ఒక పలకకు గుండ్రటి కన్నం. మా పాప అందులో చెయ్యి పెట్టి "లోపల చల్లగా ఉంది నాన్నా" అంది. కొన్నింటి కప్పుబండలు పక్కకు తోసి, గుంతలు తవ్వి పెట్టారు. నిధుల పిచ్చి.

ఎండకు తాళలేక బావమరిది ఒక కప్పుబండ నీడలో తువ్వాలు పరిచి నడుం వాల్చాడు. అది సమాధి అని అప్పుడు చెప్పాను. లేచిన వేగానికి నెత్తి బండకు కొట్టుకుంది.

రాత్రికి లాడ్జి 900. కొళాయి తిప్పితే గాలి బుస్సుమంది. మోటారు కాలిందట, బకెట్ నీళ్ళు కావాలంటే 40. ఒక్క బకెట్‌తో తలస్నానం ఎట్లా అని బావమరిది కౌంటరు దగ్గర అరగంట వాదించాడు. రూము చూడకుండా డబ్బు కట్టొద్దు, కొళాయి తిప్పి చూడండి. కింద చిన్న హోటల్లో రాగిముద్ద, ఊరిబిండి మాత్రం 60 రూపాయలకే, మళ్ళీ పెట్టించుకుని మరీ తిన్నాం.

బావమరిది తినలేదు. మర్నాడు ఇంటికొచ్చి తలకు పోసుకునేదాకా పాపను కూడా ముట్టుకోనివ్వలేదు.