జేబులో పట్టే ‘30×60’ బైనాక్యులర్ కొంటున్నారా? ముందు టార్చి వేసి చూడండి

అరచేతిలో ఇమిడే బైనాక్యులర్ మీద ‘30×60’ అని, పక్కనే ‘126 మీ./1000 మీ.’ అని, ఇంకాస్త పెద్ద అక్షరాలతో ‘డే అండ్ నైట్ విజన్’ అని అచ్చేసి అమ్ముతున్నారు. కొల్లేరులోనో నేలపట్టులోనో పక్షుల్ని చూద్దామని మొదటిసారి కొనేవాళ్లు బోల్తా పడేది ఇక్కడే.

మొదటి అంకె ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుందో చెబుతుంది. రెండోది ముందు లెన్స్ వెడల్పు, మిల్లీమీటర్లలో. 60 మి.మీ. అంటే టీ గ్లాసు మూతి అంత. అలాంటివి రెండు జేబులో పడతాయా? అసలు కొలవక్కర్లేదు కూడా, వాళ్లు రాసిన రెండో లెక్కే వాళ్లని పట్టిస్తుంది. వెయ్యి మీటర్ల దూరాన 126 మీటర్ల మేర కనిపిస్తుందంటే, 126ని 17.5తో భాగించండి (అంత దూరాన ఒక్క డిగ్రీ అంటే 17.5 మీటర్లు): 7.2 డిగ్రీలు. 30 రెట్లు పెద్దగా చూపిస్తుందంటున్నారు కాబట్టి, దాన్ని 30తో గుణిస్తే కంటికి కనిపించే మేర 216 డిగ్రీలు. అంటే మన చెవుల వెనకున్నది కూడా కనిపించాలి! అదే 8తో గుణిస్తే 58 దగ్గర తేలుతుంది, మామూలు బైనాక్యులర్లకు ఉండేది అంతే. ఏదో 8 రెట్లదాని లెక్క దించేసి, ముందు మాత్రం 30 వేశారన్నమాట.

చేతికొచ్చాక ఇలా తేల్చుకోండి. ముందు దూరంగా ఉన్న వస్తువు మీద ఫోకస్ పెట్టండి. చీకటి గదిలో, ఐపీస్‌కి (కన్ను పెట్టే వైపు లెన్స్‌కి) జానెడు వెనక ఫోన్ టార్చి పెట్టి, ముందు లెన్స్ ఎదురుగా దగ్గర్లో తెల్ల కాగితం పట్టండి. కాగితం మీద పడిన వెలుగు వృత్తాన్ని స్టీలు స్కేలుతో కొలవండి. నిజంగా పనిచేసే వెడల్పు అదే. బయటికి 22 మి.మీ. గాజు కనిపించినా, లోపల ఇరుకు రింగు పెట్టి ఉంటే వృత్తం 18కి దిగిపోతుంది. తర్వాత పగటి ఆకాశం వైపు తిప్పి, కంటికి అడుగు దూరంలో పట్టుకుంటే ఐపీస్‌లో చిన్న వెలుగు చుక్క కనిపిస్తుంది. దాని పేరు ఎగ్జిట్ ప్యూపిల్. అది రెండుంబావు మి.మీ. ఉంటే 18ని 2.25తో భాగించండి: 8. మీరు కొన్నది 8×18. (సూర్యుడి వైపు మాత్రం పొరపాటున కూడా తిప్పకండి, కళ్లు పోతాయి.)

‘నైట్ విజన్’ బండారం కూడా ఈ చుక్కలోనే ఉంది. చీకట్లో మన కంటిపాప 5 నుంచి 7 మి.మీ. దాకా విప్పారుతుంది. దానికి రెండు మి.మీ. వెలుగు ఏ మూలకి? పొద్దు గూకితే చాలు, బొమ్మ మసకబారిపోతుంది.

ఎర్రగా మెరిసే ‘రూబీ’ లెన్స్ చూసి మురిసిపోకండి. అది ఎర్రటి వెలుగుని వెనక్కి కొట్టేస్తుంది, లోపలికి నీలం, ఆకుపచ్చ మిగులుతాయి. ఎర్ర గ్యాస్ సిలిండర్‌ని చూడండి, రంగు చచ్చి నల్లబడినట్టుంటుంది. పక్షిని రంగును బట్టి గుర్తుపట్టాలనుకునేవాళ్లకి ఇది దండగ. అసలు కోటింగే (వెలుగు వెనక్కి పోకుండా లెన్స్ మీద వేసే పలచటి పూత) లేకపోవడం ఇంకో రకం మోసం. ట్యూబ్‌లైట్ ప్రతిబింబం లెన్స్‌లో తెల్లగా కనిపిస్తే కోటింగ్ లేనట్టే. కోటింగ్ లేని గాజుకి ఒక్కో ఉపరితలం దగ్గర సుమారు 4 శాతం వెలుగు పోతుంది. అలాంటివి పది ఉంటే లోపలికి చేరేది మూడింట రెండొంతులే.

అన్నిటికంటే ప్రమాదం గొట్టాల వంకర. దూరంగా ఉన్న డాబా పిట్టగోడ మీద ఫోకస్ చేసి, బైనాక్యులర్‌ని మెల్లగా కళ్లకి జానెడు దూరం జరపండి. రెండు వృత్తాల్లోనూ గోడ గీత ఒకే ఎత్తులో ఉండాలి. ఒకటి పైకీ ఒకటి కిందకీ ఉంటే ఉంచుకోవద్దు. పక్కకి కొంచెం తేడాని కళ్లు సర్దుకుంటాయి గానీ, పైకీ కిందకీ తేడాని సర్దుకోలేవు. ఐదు నిమిషాల్లో తలనొప్పి పట్టుకుంటుంది.

చక్రం లేకుండా ‘ఆటో ఫోకస్’ అంటే ఫోకస్ మార్చుకోలేమని అర్థం.

8 రెట్లు తక్కువేమీ కాదు, 10 దాటితే చేతి వణుకుకే బొమ్మ నిలవదు. నిజాయితీగా 8×25 అని రాసింది కొనండి. బరువైనా పర్లేదనుకుంటే 6×30 ఇంకా మేలు, దాని వెలుగు చుక్క 5 మి.మీ. కళ్లజోడు ఉన్నవాళ్లు ఐ రిలీఫ్ (ఐపీస్‌కి కన్ను ఎంత దూరంలో ఉన్నా బొమ్మ మొత్తం కనిపిస్తుందో ఆ దూరం) 15 మి.మీ.కి తగ్గనిది చూసుకోవాలి.

పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి. వెలుగు వృత్తం పక్కన స్కేలు పెట్టి ఫోటో తీసి, రిటర్న్ గడువు లోపలే పంపండి. ‘నచ్చలేదు’ అని కాకుండా ‘రాసిన కొలత 60 మి.మీ., ఉన్నది 18’ అని కారణం రాయండి. అప్పటికీ డబ్బు వెనక్కివ్వకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి, ఆ ఫోటోతోనే ఫిర్యాదు పెట్టండి.