గేమ్ డిజైన్ నేర్పడానికి ఏది మేలు: కాగితమా, స్క్రాచా, యూనిటీయా?

ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు వీడియో గేమ్ తయారీ నేర్పాలనుకునే టీచర్లు ముందుగా అడిగేది ఏ సాఫ్ట్‌వేర్‌తో మొదలుపెట్టాలని. నేను ఎదురు ప్రశ్న వేస్తాను. 40 నిమిషాల పీరియడ్‌లో ఒక పిల్ల తన గేమ్‌లో ఏదో ఒకటి మార్చి, ఆడించి చూసి, మళ్లీ మార్చడం ఎన్నిసార్లు చేయగలదు? పది సార్లా, రెండు సార్లా, అసలు ఒక్కసారైనా కుదరదా? డిజైన్ అంటే ఈ మార్చి చూడడమే. కోడింగ్ దానికి పనికొచ్చే చేతి పని. నేను పనిముట్టును ఎంచుకునేది ఈ ఒక్క లెక్కతోనే.

ఆ లెక్కలో అన్నిటికన్నా ముందుండేది కాగితం, పాచిక. పిల్లలు మొదట మొహం చిట్లిస్తారు, "వీడియో గేమ్ అన్నారు కదా టీచర్" అని. అననివ్వండి. వైకుంఠపాళి ఆడించండి. ఆట అయ్యాక గెలిచినవాణ్ణి పిలిచి "నువ్వేం చేసి గెలిచావు?" అని అడగండి. కాసేపు బుర్ర గోక్కుని "నేనేం చేయలేదు టీచర్, పడ్డాయంతే" అంటాడు. మొదటి పాఠం వాడే చెప్పేశాడు: ఆ ఆటలో ఆటగాడు తేల్చుకోవాల్సింది ఏమీ లేదు.

ఇప్పుడు పాములూ నిచ్చెనలూ తీసేసి, ఒక్క నియమం పెట్టండి. నీ వంతులో పాచిక ఎన్నిసార్లయినా వేసుకో, పడినవన్నీ కూడుకుంటూ పో. కానీ 1 పడితే ఆ వంతులో కూడినదంతా పోతుంది. ముందు 100 చేరినవాళ్లు గెలిచినట్టు. రెండు నిమిషాల్లో క్లాసు అరుపులతో నిండిపోతుంది. "చాలు ఆపెయ్" అని ఒకరు, "ఇంకొక్కటి వెయ్" అని ఇంకొకరు. పక్క క్లాసు టీచర్ తలుపు దగ్గరకు వస్తే మీ పాఠం బాగా నడుస్తున్నట్టే. ఎక్కడ ఆపాలో పిల్లలే లెక్క వేయగలరు. ఆరు ముఖాల్లో అయిదు కలిసి 2+3+4+5+6 అంటే 20 ఇస్తాయి, ఆరోది ఉన్నదంతా లాగేసుకుంటుంది. కాబట్టి చేతిలో 20 కన్నా తక్కువ ఉన్నంతసేపు ఇంకోసారి వేయడమే లాభం. 1 బదులు 6 పడితే పోతుందని మార్చితే? అప్పుడు మిగతా ముఖాల మొత్తం 15, హద్దు కిందికి దిగుతుంది. నియమం మార్చడానికి పట్టింది ఒక్క వాక్యం, ఆడి చూడడానికి అయిదు నిమిషాలు.

కాగితం చేయలేనిదీ ఉంది. వేగం, ఎగిరే ఎత్తు, మీట నొక్కగానే కదలడం, ఇవేవీ దాని మీద తెలియవు. అందుకని మూడు పీరియడ్లు దాటి దాన్ని సాగదీయను.

అక్కడినుంచి స్క్రాచ్, పిల్లలు ఆదేశాల బ్లాకులు కలిపి గేమ్‌లు చేసే సాఫ్ట్‌వేర్. అమెరికాలోని ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో తయారై 2007లో బయటికొచ్చింది. 8 నుంచి 16 ఏళ్ల వాళ్ల కోసం చేసింది. ఉచితం, అకౌంట్ లేకున్నా బ్రౌజర్‌లో నడుస్తుంది, ఇంటర్నెట్ సరిగా లేనిచోట దించుకుని వాడే యాప్ కూడా ఉంది. బ్లాకులు అతికించడమే కాబట్టి, టైపు చేసే కోడ్‌లోలా సెమీకోలన్ మర్చిపోయానన్న ఏడుపు ఉండదు. దాని వేదిక అడ్డంగా -240 నుంచి 240, నిలువుగా -180 నుంచి 180. రుణ సంఖ్యలు అప్పుడే నేర్చుకుంటున్న ఆరో తరగతి వాడికి బొమ్మ ఎడమకు ఎందుకు పోయిందో కళ్లముందే కనబడుతుంది.

ఎగిరే బొమ్మ సంగతి చూడండి. "వేగం" అని ఒక వేరియబుల్, అంటే మారే అంకెను దాచుకునే పెట్టె. మీట నొక్కితే 12, ఆపైన ప్రతి చుట్టులో బొమ్మను అంత పైకి జరిపి, వేగంలోంచి 1 తగ్గించడం. 12+11+10 అలా కూడితే బొమ్మ 78 దాకా లేస్తుంది. ఒకడు ఆ 1ని 0.5 చేశాడు. బొమ్మ 150 ఎత్తుకు తేలిపోయి, దూదిపింజలా మెల్లగా దిగింది. "చందమామ మీద ఉన్నట్టుంది" అంది పక్కనున్న పిల్ల. వాడు వెంటనే నేపథ్యం నల్లగా మార్చి, నక్షత్రాలు పెట్టి, గేమ్ పేరే మార్చేశాడు. ఒక్క అంకె మార్చడానికి పది సెకన్లు కూడా పట్టలేదు.

స్క్రాచ్‌తో నా చిరాకల్లా అందులో బొమ్మలు గీసే చోటు. వదిలేస్తే పీరియడంతా పిల్లికి టోపీ గీస్తూ గడిపేస్తారు. మొదటి రెండు వారాలు చతురస్రాలూ వృత్తాలూ తప్ప ఇంకేం గీయొద్దని చెప్పేస్తాను.

ఎనిమిదో తరగతికి వచ్చేసరికి "ఇది చిన్నపిల్లలది" అనే వాళ్లు తయారవుతారు. వాళ్లకు మైక్రోసాఫ్ట్ వాళ్ల మేక్‌కోడ్ ఆర్కేడ్ సరిపోతుంది. 160 బై 120 చుక్కల (పిక్సెళ్ల) తెర, పదహారు రంగులు. బ్లాకులతో చేసిన దాన్నే ఒక నొక్కుతో జావాస్క్రిప్ట్, పైథాన్ అనే కోడింగ్ భాషల్లో చూడొచ్చు. అంత చిన్న తెరా అని మూతి విరిస్తే సెలెస్ట్ కథ చెప్పండి. 2018లో పెద్ద పేరు తెచ్చుకున్న ఆ గేమ్ మొదటి రూపాన్ని నాలుగు రోజుల్లో చేశారు. అది నడిచింది పికో-8 అనే బుల్లి గేమ్‌ల సాఫ్ట్‌వేర్‌లో, దాని తెర 128 బై 128 మాత్రమే.

ఇక యూనిటీ, గోడో, పెద్దవాళ్లు గేమ్‌లు తయారుచేసే సాఫ్ట్‌వేర్లు. యూనిటీలో సీ షార్ప్ అనే భాషలో కోడ్ రాయాలి. గోడో ఓపెన్ సోర్స్ (దాని కోడ్ అందరికీ తెరిచి ఉంటుంది), అందులోని జీడీస్క్రిప్ట్ భాష పైథాన్‌లా ఉంటుంది. రెండూ గట్టివే, కానీ క్లాసు మొత్తానికి వద్దంటాను. ఒక చదరం తెర మీద కదిలేలోపే సీన్లూ స్క్రిప్టులూ అంటూ నాలుగు కొత్త సంగతులు మింగాలి. నలభై మందిలో ముప్పై మంది చేతులెత్తి "టీచర్, ఎర్రగా ఏదో వచ్చింది" అంటారు. అందరి దగ్గరికీ వెళ్లేసరికి బెల్ కొడతారు. మార్చి చూసిన సార్లు సున్నా. నిజంగా తపన ఉన్న ఇద్దరు ముగ్గురికైతే స్కూలు అయ్యాక గోడో ఇవ్వండి. యూనిటీ కన్నా తేలికగా ఉంటుంది, పాత కంప్యూటర్లను అంతగా ఇబ్బంది పెట్టదు.

రోబ్లాక్స్ అనే ఆన్‌లైన్ ఆటల వేదికకు గేమ్‌లు చేసే రోబ్లాక్స్ స్టూడియో పేరు చెబితే పిల్లలు ఎగిరి గంతేస్తారు, ఆ ఆటలు ఆడి ఉన్నారు కదా. అకౌంట్లు, ముక్కూమొహం తెలియని వాళ్లతో చాట్, డబ్బు పెట్టి కొనే వస్తువులు, ఇవన్నీ వెంట వస్తాయి. తల్లిదండ్రులతో మాట్లాడకుండా నేనైతే క్లాసులోకి తేను.

ముగ్గురికి ఒకే కంప్యూటర్ ఉంటే బాధపడకండి, ఇద్దరు చేస్తారు, మూడో వాడు ఆడి చూస్తాడు. వాడు ఆడుతున్నప్పుడు చేసిన వాళ్లు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడాలి, ఒక్క మాట మాట్లాడకూడదు. "అటు కాదు, పైకి ఎగురు" అని నోటిదాకా వచ్చిన మాటను నోట్‌బుక్‌లో రాసుకోవాలి. నేను మార్కులు వేసేది ఆ నోట్‌బుక్‌కే.